ఎక్కడికని అడిగే గేటు

బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగగానే అతని లోపల ఏదో చప్పున ఆగిపోతుంది, ఆగేది కాళ్లు కాదు, కాళ్లకంటే ముందు ఇంకేదో ఆగుతుంది, ఆ ఆగేదానికి మనస్తత్వ శాస్త్రంలో పేరు లేకపోవడం శాస్త్రం తప్పా, లేక ఆ శాస్త్రం రాసినవాళ్ల ఊళ్లలో అలా అడగడం తప్పు కాకపోవడమా అని శ్రీకంఠం ఆలోచిస్తున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ గుమ్మం దాటాక ఎవరైనా "ఎక్కడికి?" అంటే మారుమాట లేకుండా వెనక్కొచ్చి, చెప్పులు విడిచి, పీటమీద కూచుని, గ్లాసుడు నీళ్లు తాగి, అప్పుడే ఆ ఆలోచన పుట్టినట్టు మళ్లీ కొత్తగా బయల్దేరేది. ఒకసారి ఎదురింటావిడా, పక్కింటావిడా, పాలమనిషీ వరసగా అడగడంతో అమ్మ బయల్దేరుతూ నీళ్లు తాగుతూ ఉండగానే వెళ్లాల్సిన పెళ్లి కాస్తా అయిపోయింది. ఆ రోజు అమ్మ మొహంలో బాధకంటే...

"అనుభూతి గారూ, మీ అభిప్రాయం?" అన్నారు డైరెక్టరు గారు.

శ్రీకంఠం ఉలిక్కిపడి మీటింగులోకి వచ్చాడు. చారిత్రక ప్రశాంత సైకిల్ పథ ప్రాధికార సంస్థలో అతను అనుభూతి అధికారి. అంతకుముందు డిగ్రీ కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పేవాడు. ఆ సబ్జెక్టు తీసుకునే విద్యార్థులు ఏటేటా తగ్గి, చివరికి క్లాసులో పాఠం చెప్పేవాడి మనస్తత్వం ఒక్కటే మిగిలాక అతన్ని డెప్యుటేషన్ మీద ఇక్కడికి పంపారు. సందర్శకులకి ఏ చోట ఏ అనుభూతి కలగాలో నిర్ణయించి బోర్డులు పెట్టించడం అతని ఉద్యోగం.

చోట్లు అంటే మూడే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్లు సముద్రం మీంచి వస్తారని భయపడి దొరలు గవ్వలపేట రేవు నుంచి తాటివలస దాకా జీడితోటల్లోంచి, సరుగుడు తోపుల్లోంచి ఎర్ర గ్రావెల్ రోడ్డు వేయించారు. దాని పక్కన సముద్రంకేసి కన్నాలున్న కాంక్రీటు కాపలా గది ఒకటి, విమానాలు దిగడానికి చదును చేసిన మైదానం ఒకటి, సైరను బిగించిన ఇనప స్తంభం ఒకటి ఏర్పాటు చేశారు. శత్రువు రాలేదు. విమానం దిగలేదు. సైరను మాత్రం ఒకసారి మోగిందట, దాని మీద కాకి వాలినందుకు. యుద్ధం అయ్యాక కాపలా గదిని మేకలు తీసుకున్నాయి, మైదానంలో చేపలు ఎండబెట్టుకున్నారు, స్తంభానికి గేదెని కట్టుకున్నారు. ఊళ్లో అందరూ దాన్ని మిలట్రీ రోడ్డు అంటారు.

డైరెక్టరు గజేంద్రనాథ్ గారు విదేశీ అధ్యయన యాత్రకి వెళ్లినప్పుడు అక్కడి పల్లెల్లో ఒక్క మోటారు బండి కూడా లేని కంకర దారుల మీద, పాత యుద్ధపు కట్టడాల పక్కనుంచి జనం సైకిళ్లు తొక్కుకుంటూ పోవడం చూశారు. "చప్పుడు లేదు. హారన్ లేదు. నేను ఏడ్చాను," అని ప్రతి సమావేశంలోనూ చెబుతారు. తీర్మానాల్లో మొదటి వాక్యం ఎప్పుడూ 'డైరెక్టరు గారు ఏడ్చిరి' అనే ఉంటుంది. తిరిగొచ్చిన వారంలోనే సంస్థ పుట్టింది, రోడ్డు పథం అయింది, పథం రెండు చివర్లా 'ట్రాఫిక్ రహితం' అన్న బోర్డులు లేచాయి.

ముందు లారీలని, ట్రాక్టర్లని ఆపారు. అందరికీ బాగానే ఉంది. తర్వాత ఆటోలు, ఎడ్లబళ్లు. ఆ తర్వాత గేదెల్ని 'వేగరహిత ట్రాఫిక్' అనీ, నడిచేవాళ్లని 'పాద ట్రాఫిక్' అనీ గుర్తించి ఆపారు. కాపలా గదిలో మేకల్ని, ఆ చోటుకి తగిన గంభీర విచారం పొందడం లేదన్న కారణం మీద శ్రీకంఠం సంతకంతోనే ఖాళీ చేయించారు. ఇప్పుడు ఒక చిక్కు మిగిలింది.

"పథం మీద సైకిళ్లు తిరుగుతున్నట్లు నా దృష్టికి వచ్చింది," అన్నారు డైరెక్టరు గారు మళ్లీ, గొంతు తగ్గించి.

"సైకిల్ పథం కదండి," అన్నాడు శ్రీకంఠం.

"అది నేను కాదనడం లేదు. కాని ట్రాఫిక్ రహిత పథం కూడా. సైకిలు చట్టప్రకారం వాహనం. వాహనం తిరిగితే ట్రాఫిక్. తిరక్కపోతే సైకిల్ పథం కాదు. ఈ వైరుధ్యాన్ని మూల్యాంకన బృందం వచ్చేలోగా సామరస్య ప్రాతిపదికన పరిష్కరించుకోవాలి. ప్రశాంత పథం ధ్రువపత్రం లేకపోతే ఈ సంస్థ ఉండదు, నేనుండను, మీరుండరు."

శ్రీకంఠం ఆలోచించాడు. ఏదైనా ఒక సమస్య ముందు పెడితే అది ఎవరికి ఉపయోగమన్నది చూసుకోకుండా దాని అడుగు దాకా దిగిపోవడం అతని బలహీనత.

"కదలిక ట్రాఫిక్ కాదండి," అన్నాడు నెమ్మదిగా. "ఆకు రాలుతుంది, దాన్ని ట్రాఫిక్ అనం. కుక్కపిల్ల ఊరికే పరిగెడుతుంది, అదీ కాదు. పనిమీద పోయేదే ట్రాఫిక్. అంటే ట్రాఫిక్ చక్రాల్లో లేదు సార్. మనసులో ఉంది."

డైరెక్టరు గారు కళ్లజోడు తీశారు. గుమాస్తా తీర్మానాల పుస్తకంలో 'డైరెక్టరు గారు రెండవసారి ఏడ్చిరి' అని రాసుకున్నాడు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. 'ఏదేని పనిమీద, ఏదేని చోటు చేరవలెనను తలంపుతో సాగు ప్రతి కదలికయు ట్రాఫిక్‌గా పరిగణింపబడును. తలంపు లేని సైకిలు మాత్రమే పథమునందు అనుమతింపబడును. తలంపు నిర్ధారణకై గేటు వద్ద ప్రతి సైక్లిస్టును "ఎక్కడికి?" అని విధిగా ప్రశ్నింపవలెను.'

తన బుర్రలో పుట్టిన మాట ఒకటి జీవితంలో మొదటిసారి గేటు మీదికి ఎక్కినందుకు శ్రీకంఠానికి ఆ రాత్రి కొంచెం గర్వంగా ఉంది. ఆ గర్వాన్ని కూడా పట్టుకుని, ఇది ఎందుకు కలిగింది, దీని వెనక ఏముంది అని విప్పి చూసుకునేసరికి అందులో ఏమీ మిగల్లేదు. అతని సుఖాలన్నీ అలాగే అయిపోతుంటాయి.

సంస్థ అతనికో సైకిలిచ్చింది. సీటు మీద ప్లాస్టిక్ తొడుగు ఇంకా తియ్యలేదు. అతను దాన్ని రోజూ పక్కన నడిపించుకుంటూ ఆఫీసుకి వస్తాడు, నడిపించుకుంటూ పోతాడు. తొక్కడం రాక కాదు. కాలేజీ రోజుల్లో గాలిలా తొక్కేవాడు. కాని సైకిలెక్కాలంటే ఒక్క క్షణం, ఎడమకాలు నేల వదిలి కుడికాలు పెడలు నొక్కేలోగా, ఎందుకూ అని అడక్కుండా ఉండాలి. ఎప్పటినుంచో ఆ క్షణం అతనికి దొరకడం లేదు. పైగా ఇప్పుడు కొత్త ఉత్తర్వు ప్రకారం అతనెక్కడికి వెళ్లినా డ్యూటీ మీదే. డ్యూటీ అంటే పని. పని మీద వెళ్లేవాడు ట్రాఫిక్. అందుకని పథంలో అడుగు పెట్టే అర్హత అనుభూతి అధికారికి లేదు. మూడు చోట్లా కలగాల్సిన అనుభూతుల్ని అంతకుముందు కూడా ఫొటోలు చూసే నిర్ణయించాడు.

మర్నాడు గేటు దగ్గర చిన్నంనాయుడు మొండికేశాడు. అతను ఆ ఊరివాడే, కొత్తగా ఖాకీ చొక్కా వేసుకున్న గేటు కాపలాదారు.

"నానడగను బాబూ."

"ఏం?" అన్నాడు శ్రీకంఠం.

"బయల్దేరినోణ్ణి ఎక్కడికని అడుగుతారేటండి? అపశకునం. నా పెళ్లాన్నే నానెప్పుడూ అడగలేదు. ఎందాకా అంటాను, అంతే."

"అయితే ఎందాకా అని అడుగు."

"ఉత్తర్వులో ఎక్కడికని ఉందని డైరెక్టరు బాబు గట్టిగా సెప్పినారు కదేటి. ఒక్క అక్షరం మారినా నా ఉద్యోగం ఊడతాదంట." చిన్నంనాయుడు తల గోక్కుని, ఉన్నట్టుండి నవ్వాడు. "మా తాత సెప్పేవోడండి. ఆ యుద్ధంలో కూడా సరిగ్గా ఈ సోటనే ఒక సోల్జరు తుపాకీ అట్టుకుని ఒచ్చిపోయేవోళ్లని ఎక్కడికి ఎక్కడికి అని అడిగేవోడంట. మా ఊరోళ్లు ఎనక్కెల్లి నీళ్లు తాగి మళ్లీ ఒచ్చేవోరంట. ఆడు మళ్లీ అడిగేవోడంట. జపానోడు రాలేదు గానీ మా ఊర్లో నూతులెండిపోనాయి."

ఈ మాట ఎలాగో డైరెక్టరు గారి చెవిని పడింది. ఆయన ఆనందానికి హద్దు లేకపోయింది. ప్రశ్నకి చారిత్రక ప్రామాణికత దొరికింది కదా. చిన్నంనాయుడికి యుద్ధకాలపు టోపీ ఒకటి, చెక్క తుపాకీ ఒకటి ఇచ్చి, ప్రశ్నని యుద్ధకాలపు కంఠస్వరంతో అడగాలని అనుబంధ ఉత్తర్వు వేశారు.

చిన్నంనాయుడు కళ్లు మూసుకుని, లోపల దేవుడికి దణ్ణం పెట్టుకుని, అరిచాడు. "ఎక్కడికీ!"

మొదట వచ్చిన కల్లుగీత మనిషి సైకిలు దిగి, వెనక్కి తిప్పి, రోడ్డు పక్కన కూచున్నాడు. పాలవాడు క్యాన్లతో సహా కూచున్నాడు. పురోహితుడు గారు "అయ్యో అయ్యో" అంటూ కూచున్నారు. కూచున్నవాళ్లందరికీ నీళ్లు కావాలి. తాగాక లేచి, గేటు దాకా వెళ్లి, మళ్లీ అరుపు విని, మళ్లీ వచ్చి కూచుంటున్నారు. ఎండెక్కేసరికి గేటు బయట సైకిళ్లు తాటివలస సంతలో కన్నా ఎక్కువైపోయాయి. ఒకడు టీ బడ్డీ పెట్టాడు. ఇంకొకడు గాలి పంపు పెట్టాడు. పక్కన తారు రోడ్డు మీద బస్సు ఆగిపోయింది, దాని వెనక లారీలు ఆగిపోయాయి, హారన్లు మోగాయి. గేటు లోపల మాత్రం ఎర్రటి పథం మీద ఒక్క పిట్ట నడుస్తోంది.

'నేడు పథమునందు ట్రాఫిక్ శూన్యము,' అని నివేదిక వెళ్లింది. డైరెక్టరు గారు సంతోషించి గేటు బయట 'అపశకున విశ్రాంతి మంటపం' కట్టించారు. కొత్త కుండలు పెట్టించారు. నీళ్లు తాగిన తర్వాత ఎంతసేపు కూచుంటే ప్రయాణం కొత్తదైనట్టు లెక్క అన్న ప్రశ్న వచ్చినప్పుడు దాన్ని అనుభూతి విభాగానికి పంపించారు. శ్రీకంఠం దానికి జవాబుగా చాలా పేజీలు రాశాడు. నిజంగానే ఆలోచించి రాశాడు.

ఈ గొడవంతా గరికిన పోలమ్మ వచ్చాక మారింది.

పోలమ్మ గవ్వలపేటలో చేపలు అమ్ముకునే మనిషి. మనవరాలికి బళ్లో ఇచ్చిన నీలం సైకిలు వెనక తట్ట కట్టుకుని, తెల్లారగానే రేవులో పడవల దగ్గర చేపలు ఎత్తుకుని, మిలట్రీ రోడ్డెంట తాటివలస చేరుతుంది. వేరే దారి ఉంది, కాని అది ఉప్పుమళ్లు చుట్టి ఇసకలో పడి పోతుంది. ఆ దారిన వెళితే చేరేసరికి సంత లేచిపోతుంది, చేప మెత్తబడిపోతుంది.

"ఎక్కడికీ!" అన్నాడు చిన్నంనాయుడు, చెక్క తుపాకీ ఎత్తి.

పోలమ్మ దిగలేదు. ఎడమకాలు నేలకానించి, అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. "ఓలమ్మ, ఈడి టోపీ సూడండి! ఊరికే, ఇలాగ," అంది.

చిన్నంనాయుడు ఉత్తర్వు కాగితం తీసి చదువుకున్నాడు. పని సెప్పలేదు. సోటు సెప్పలేదు. తలంపు లేదు. అడ్డుకర్ర ఎత్తాడు. తట్టలోంచి చుక్కలు చుక్కలుగా కారుతున్న నీళ్లు ఎర్ర గ్రావెల్ మీద గీత గీసుకుంటూ సరుగుడు తోపులో కలిసిపోయాయి.

మంటపంలో జనం దాన్ని చూశారు. వాళ్లకి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. బయల్దేరాక ఎవరైనా అడిగితే ఆ ఊళ్లో ఎవరూ ఎప్పుడూ వెళ్లే చోటు చెప్పింది లేదు. చెబితే పని జరగదు. టోపీకి, తుపాకీకి బెదిరి ఆ సంగతి మర్చిపోయారంతే. "ఊరికే ఇలాగ," అన్నాడు కల్లుగీత మనిషి. "ఇక్కడికే," అన్నాడు పాలవాడు, క్యాన్లు గలగలమంటుంటే. "అలా గాలికి," అన్నారు పురోహితుడు గారు, చంకలో కొబ్బరికాయలతో. అందరూ వెళ్లిపోయారు. మంటపంలో కుండలు మిగిలాయి.

ఆదివారం నాడు నగరం నుంచి కారు మీద సైకిళ్లు కట్టుకుని అసలు సైక్లిస్టులు వచ్చారు. వాళ్ల కోసమే పథం వేసింది. ఒంటికి అంటుకున్న రంగు బట్టలు, కోడిపుంజు తురాయిలాంటి హెల్మెట్లు. వాళ్లకి నాయకుడు ఒక డాక్టరు గారు.

"ఎక్కడికీ!"

"గుడ్ మార్నింగ్!" అన్నారు డాక్టరు గారు ఉత్సాహంగా. "ముందు కాపలా గది, అక్కణ్ణుంచి విమాన మైదానం, సైరను స్తంభం దగ్గర ఫొటోలు, మళ్లీ వెనక్కి. ఎండ ముదిరేలోగా పూర్తి చెయ్యాలని టార్గెట్టు."

"ట్రాఫిక్," అన్నాడు చిన్నంనాయుడు, అడ్డుకర్ర మీద చెయ్యేసి.

"ఏమిటీ?"

"మీరు ట్రాఫిక్ బాబూ. సోటుంది, పనుంది, ఫొటోలున్నాయి. తప్పుకోండి, ఎనకాల తాటిముంజలు ఒస్తన్నాయి."

తాటిముంజల మనిషి "ఊరికే" అంటూ వెళ్లిపోయాడు.

డాక్టరు గారు రెండోసారి వచ్చారు. "సరే, గమ్యం లేదు. షుగరు తగ్గించుకోడానికి."

"అదీ పనే బాబూ."

"ఆనందం కోసం!"

చిన్నంనాయుడు గేటు పక్కనే నిలబడ్డ శ్రీకంఠంకేసి చూశాడు. శ్రీకంఠం మనసులో చాలాసేపు తర్కించుకున్నాడు. ఆనందం కోసం అన్నప్పుడు ఆ 'కోసం' ఉంది కదా. కోసం ఉన్నచోట తలంపు ఉంది. "క్షమించండి," అన్నాడు బాధగా. "ఆనందం కూడా ట్రాఫిక్కే."

"బాబూ, ఊరికే అనండి సాలు," అని చిన్నంనాయుడు చెవిలో చెప్పాడు. డాక్టరు గారు గొంతు సవరించుకుని, "ఊరి..." అనేసరికి ఆయన చేతి గడియారం గట్టిగా, "మీరు ఇంకా మీ లక్ష్యాన్ని ప్రారంభించలేదు," అంది. నగరం వాళ్లు మంటపంలో కూచుని నీళ్లు తాగి కారెక్కి వెళ్లిపోయారు.

ఇదంతా డైరెక్టరు గారికి చేరింది. ఆయన కోప్పడలేదు. నియమం పనిచేస్తోంది కనక కోప్పడటానికి వీల్లేదు. "అయినా అనుభూతి గారూ," అన్నారు, "ఆ చేపల మహిళ ప్రకటనలో సత్యసంధత కొరవడినట్లు నాకు వాసన ద్వారా తెలియవచ్చింది. మీరు శాస్త్రీయంగా పరీక్షించి, ఆమె తలంపును వెలికితీయాలి."

కాబట్టి శ్రీకంఠం పోలమ్మని ఆఫీసుకి పిలిపించి, కుర్చీ వేసి, ఒక మాట చెబితే మొదట తట్టిన మాట చెప్పమన్నాడు.

"సముద్రం," అన్నాడు.

"మా ఆయన."

"ఆయన?"

"నిద్ర."

"చేప?"

"ఏ సేప? వంజరమా, కానాగంతా? ఊరికే సేపంటే ఏటి తడతాది?"

"సంత?"

"ఏ సంత బాబూ?" అంది అమాయకంగా. తర్వాత కుర్చీలో ముందుకి జరిగింది. "నువ్వు సదువుకున్నోడివి, నీ మొకం సూస్తే దొంగ మొకంలా లేదు. సెప్తాను ఇను. ఈ రోడ్డు మూసేసినారనుకో, నాను తట్ట దించేసి తాటివలసలో ఎవురింటికో అంట్లు తోమడానికి పోవాలి. నలబయ్యేళ్లుగా నా సేప నాదే, నా కేక నాదే. ఒకరింట్లో నోరు మూసుకుని గిన్నెలు తోమడం నావల్ల కాదు. ఇది రాసుకుంటావేటి?"

"రాసుకోను," అన్నాడు శ్రీకంఠం.

"మరి నువ్వేల సైకిలు తొక్కవు? దూడని తోలుకొచ్చినట్టు పక్కన తోలుకొస్తన్నావు. సీటుకి ఆ కాయితమేటి? దానికి జలుబు సేస్తాదేటి?"

"నేను ట్రాఫిక్‌నమ్మా," అన్నాడతను. "ఎక్కడికెళ్లినా పనిమీదే వెళతాను. పనిలేకుండా వెళదామనుకున్నా, పని లేదు కదా అని చూసుకోవడమే ఒక పని అయిపోతుంది."

పోలమ్మ అతనికేసి జాలిగా చూసింది. "ఇంట్లో ఎవురూ నేరేటి?"

"లేరు."

"అదీ మరి," అని లేచి వెళ్లిపోయింది.

తలంపు నిర్ధారణ కాలేదని శ్రీకంఠం రాసి పంపాడు. జవాబుగా డైరెక్టరు గారు ఇటుకలు పంపించారు. రెండు గేట్ల దగ్గరా ఇటుకల గుట్టలు, సిమెంటు బస్తాలు దిగాయి.

మూల్యాంకన బృందం తరఫున త్రివిక్రమరాజు గారు ఒక్కరే వచ్చారు. తెల్ల బట్టలు, చల్లని కళ్లు, దేనికీ ఆశ్చర్యపడని మొహం. గేటు ముందు కుర్చీ వేసుకుని కూచుని, ఉత్తర్వంతా చదివి, తలాడించారు.

"సిద్ధాంతం నిర్దుష్టంగా ఉంది. ఇక ఆచరణ. నా సమక్షంలో తలంపు లేని సైక్లిస్టు ఒకరు, ఒక్కరు చాలు, ఈ గేటు దాటి వెళ్లాలి. వెళ్లిన పక్షంలో పథం ఉన్నదున్నట్లు ధ్రువీకరిస్తాను. ఇప్పుడెలా నడుస్తోందో అలాగే నడుస్తుంది, ఇక ఎవరూ మార్చరాదు. లేని పక్షంలో ఇది సైకిల్ పథం కాదు గనక రెండువైపులా గోడ కట్టి, శాశ్వత ప్రశాంత స్థలంగా పరిరక్షించాలి."

"రెండూ మాకు సమ్మతమే," అన్నారు డైరెక్టరు గారు. గోడ అన్నమాట వినగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ తొక్కని సైకిల్ పథం కన్నా ప్రశాంతమైనది ఇంకేముంటుంది. "ఏర్పాట్లు చేశాం. తలంపు లేని సైక్లిస్టు అన్న కాంట్రాక్టు పోస్టు ఒకటి సృష్టించి భర్తీ చేశాం."

ఆ కుర్రాడు మెరిసే సైకిలెక్కి వచ్చాడు. "ఎక్కడికీ!" అన్నాడు చిన్నంనాయుడు. "ఊరికే," అన్నాడు కుర్రాడు, నేర్పినట్టే.

"జీతానికా?" అన్నారు రాజు గారు.

"ఆఁ, నెల..." అంటూ కుర్రాడు దిగిపోయాడు.

"అయితే నేనే వెళతాను," అన్నారు డైరెక్టరు గారు. "ధ్రువపత్రం కోసమా?" అన్నారు రాజు గారు. డైరెక్టరు గారు కూచున్నారు. "పోనీ తమరే..." "నేను తనిఖీకి వచ్చాను. పెద్ద ట్రాఫిక్‌ని," అన్నారు రాజు గారు, తొణక్కుండా.

అప్పుడు పోలమ్మ వచ్చింది. ఆ రోజు తట్టనిండా కానాగంతలు. చిన్నంనాయుడు నోరు తెరిచేలోగా రాజు గారే, పెద్దరికంగా, గొంతులో ఎంతో ఆప్యాయతతో, "ఎక్కడికమ్మా?" అన్నారు.

టోపీవాడు అరవడం వేరు. పెద్దమనిషి, తెల్లబట్టల మనిషి, కుర్చీలో కూచుని మనసారా అడిగాడు. పోలమ్మ మొహం పాలిపోయింది. సైకిలు దిగింది. మంటపంలోకి వెళ్లి, కుండలోంచి నీళ్లు ముంచుకుని, చెప్పులు విడిచి కూచుంది. తట్టలోంచి నీళ్లు కారుతున్నాయి. ఎండ సిమెంటు బస్తాల మీదికి వచ్చింది. మేస్త్రీ తాపీ కడిగి, ఇటుక చేతిలోకి తీసుకుని, ఎవరైనా ఊ అంటారా అని చూస్తున్నాడు.

శ్రీకంఠం తన సైకిలు పక్కన నిలబడ్డాడు. నేను వెళితే, అనుకున్నాడు. నేను వెళితే గోడ లేవదు. కాని గోడ లేవకూడదని వెళితే అది తలంపు. పోలమ్మ కోసం వెళితే, కోసం ఉంది. రాజు గారు అడిగితే ఊరికే అనగలను, ఆయన నమ్మవచ్చు కూడా, కాని నేను నమ్మను, నేను నమ్మనని నా మొహంలో తెలిసిపోతుంది. పోనీ పోలమ్మని మర్చిపోదాం. మర్చిపోదామనుకోవడం ఆమెని తల్చుకోవడమే. గోడని మర్చిపోదాం. గోడ, గోడ. ధ్రువపత్రం. ఈ మనసనేది ఎంత పెద్ద సంతో, ఎన్ని బళ్లు, ఎన్ని హారన్లు, దీనికి గేటు పెట్టేవాడెవడు, ఈ ట్రాఫిక్ అంతా లోపల పెట్టుకుని బయట రోడ్డుకి బోర్డు రాసింది నేనే కదా. అమ్మ ఆ రోజు పెళ్లికి వెళ్లలేకపోయింది. నీళ్లు తాగి తాగి, చివరికి ఎవరూ అడగనప్పుడు బయల్దేరి, పెళ్లి లేదు కదా అని తెలిసి కూడా, చీర మార్చుకోకుండా, జడలో పూలతో, కాలవ గట్టు దాకా నడిచి వచ్చింది. నవ్వుతూ వచ్చింది. ఎందుకు వెళ్లావంటే చెప్పలేదు. ఆ రోజు ఆమె మొహంలో బాధ కంటే...

సముద్రం వైపు నుంచి గాలి వచ్చింది. సీటు మీద ప్లాస్టిక్ తొడుగు ఒక మూల ఊడి పటపటా కొట్టుకోవడం మొదలెట్టింది. ఆ చప్పుడు చిరాకుగా ఉంది. శ్రీకంఠం దాన్ని పట్టుకుని లాగేశాడు. కింద సీటు నల్లగా, కొత్తగా, ఎండకి వెచ్చగా ఉంది. చేత్తో తడిమాడు. కూచుంటే ఎలా ఉంటుందో అనిపించి కూచున్నాడు. బాగానే ఉంది. కాలేజీ రోజుల్లో సైకిలు సీటు ఇంకొంచెం గట్టిగా ఉండేది.

చిన్నంనాయుడు అతన్ని చూశాడు. ఎందుకో చెక్క తుపాకీ కింద పెట్టి, అడ్డుకర్ర ఎత్తి పట్టుకున్నాడు. అవతల ఎర్ర దారి సరుగుడు చెట్ల మధ్య కొంచెం పల్లంగా వంగి, మలుపు తిరిగి కనబడకుండా పోతోంది. ఆ మలుపు దాటాక కాపలా గది ఉంటుందని ఫొటోల వల్ల తెలుసు. అక్కడ మేకలు మళ్లీ చేరాయో లేదో తెలియదు.

"శ్రీకంఠం గారూ," అన్నారు రాజు గారు, కుర్చీలో ముందుకి వంగి, చల్లని కళ్లు అతని మొహం మీద నిలిపి. "ఎక్కడికి?"

మంటపంలో పోలమ్మ గ్లాసు నోటిదగ్గరే ఆపింది. శ్రీకంఠం లోపల ఆగాల్సిందేదో ఆగలేదు. ఆగలేదేమిటని అతను చూసుకోలేదు.

"ఊరికే, ఇలా," అన్నాడు.

ఎడమకాలు నేల వదిలి, కుడికాలితో పెడలు నొక్కాడు.